ఈనక్ మేస్త్రీ గారి కాకులు

1993 అక్టోబరు 14, గురువారం, ఉదయం ఎనిమిదింబావు. స్కార్‌బెక్ ఊరి మీద మబ్బు ఇళ్ల కప్పులకు ఆనేంతగా దిగివచ్చి, వాన అనడానికీ మంచు అనడానికీ వీల్లేని తడి ఒకటి జల్లెడ పట్టినట్టు రాలుతున్నది. ఆ సమయాన విల్‌ఫ్రెడ్ ఆక్రాయిడ్ ఇంటి వాకిట నిలిచి, ఇంటివారిని పలకరించనైనా పలకరించక, కప్పు మీద పక్కకు ఒరిగి ఉన్న రాతి పొగగొట్టం వంక ఒక్కసారి చూసి, ఈనక్ సట్‌క్లిఫ్ మేస్త్రీ తన తీర్పు చెప్పాడు.

"కాకులు," అన్నాడు.

ఆయనలో ఉన్న వింత అదొక్కటే. పాత ఇళ్ల పొగగొట్టాలను విప్పి, కట్టి, లోపల కొత్త గొట్టాలు దించడంలో యార్క్‌షైర్ కొండల నడుమ ఆయనకు సాటి రాగల తాపీ పనివాడు లేడు. డెబ్బై ఏళ్ల వయసులోనూ నిచ్చెన మీద పిల్లిలా నడిచేవాడు. అయితే ఏ పొగగొట్టానికి ఏ జబ్బు చేసినా ఆయన లెక్కలో నేరస్థులు ఒక్కరే. మెడ చుట్టూ బూడిదరంగు శాలువా కప్పుకున్నట్టుండి, పొగగొట్టాల్లో పుల్లలు కుక్కి గూళ్లు పెట్టే ఆ చిన్నజాతి కాకులు. అవి పుల్లలు కుక్కడం లోకం ఎరిగిన సంగతే. ఈనక్ కాకులు అంతటితో ఆగేవి కావు.

"ఇది పడమటి వైపు ఎందుకు ఒరిగిందంటావ్, ఈనక్?" అని విల్‌ఫ్రెడ్ ఆ ఉదయం అడిగాడు. ముప్పై ఏళ్లు బడిలో భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి పొందిన మనిషి కనుక, కారణం అడగకుండా ఉండలేడు.

"అన్నీ ఒకే వైపు కూర్చుంటాయి మాస్టారూ. మందలో ఒక్కదానికైనా బుద్ధి ఉండదు."

మరొకనాడైతే విల్‌ఫ్రెడ్ ఈ జవాబును జేబులో వేసుకుని సాయంత్రం పబ్బుకు తీసుకుపోయేవాడే. ఆనాడు మాత్రం తల వంచుకుని బూట్ల వైపు చూశాడు. ఈనక్‌ను పిలిపించవలసి రావడమే ఆయనకు తలవంపులుగా ఉన్నది. ఎందువల్లనో తెలియాలంటే కొంత వెనక్కు పోవాలి.

రొట్టెల దుకాణం హార్‌గ్రీవ్స్ ఒకనాటి ఉదయం పొయ్యి రాజేయగానే పొగంతా ఎదురు తిరిగి దుకాణం నిండిపోయింది. ఈనక్ అరగంట పొయ్యి వెనుక దూరి బయటికి వచ్చాడు.

"ఒంటికాలి కాకి," అన్నాడు. "పొగను ఆపే ఇనపరేకు లేదూ, దాన్ని ముక్కుతో నెట్టి మూసేసింది."

"రేకు లోపల కదా ఉంది. కాకి బయట కదా ఉండేది," అన్నాడు హార్‌గ్రీవ్స్, మసి మొహంతో.

"అందుకే దానికి రాత్రంతా పట్టింది. ఆ రేకు పిడికి ఎర్రగుడ్డ ఒకటి కట్టుకో బాబూ. ఎరుపంటే దానికి భయం. పొద్దున్నే నువ్వు రాగానే ఆ గుడ్డ ఎటు ఉందో చూసుకుని మరీ నిప్పు పెట్టుకో."

ఆగ్నెస్ గ్రీన్‌వుడ్ ఇంటి గొట్టంలో జిగురు మసి అంటుకుని భగ్గున మండినప్పుడు, కాకులు పచ్చికట్టె పుల్లలు తెచ్చి పైనుంచి ఆమె పొయ్యిలో పడవేసినట్టు తేలింది. "రెండేళ్లు ఎండిన కట్టెలే కాల్చు తల్లీ, ఆ వాసన వాటికి పడదు," అని ఈనక్ ఆమెకు అభయమిచ్చాడు. ప్రార్థనామందిరం పాదిరిగారి ఇంటి మీద పొగగొట్టపు తలరాయి జారి తోటలో పడినప్పుడు కూడా అదే తీర్పు.

ఆ తలరాయి సంగతి విన్న సాయంత్రమే విల్‌ఫ్రెడ్ పబ్బులో బాణాలాట పాయింట్లు రాసే నల్లపలక తుడిచి, సుద్దముక్క పుచ్చుకుని లెక్క కట్టాడు. రాయి ఎనభై కిలోలు. ఒక కాకి మోయగల బరువు, ఉదారంగా చూసినా, యాభై గ్రాములు. కావలసిన కాకులు పదహారు వందలు. పబ్బు పబ్బంతా కడుపులు పట్టుకుని నవ్వింది. మూల బల్ల దగ్గర కూర్చున్న ఈనక్ తన గ్లాసు కింద పెట్టి ఆ అంకెను శ్రద్ధగా చదివాడు.

"పదహారు వందలు. అంతకు తక్కువ ఉండవు మాస్టారూ," అన్నాడు.

నాటినుంచి ఈనక్ లోపలికి అడుగు పెట్టినప్పుడల్లా విల్‌ఫ్రెడ్ గొంతు మార్చి కాకిలా కూయడం ఆ పబ్బుకు ఒక ఆచారమైపోయింది. న్యాయానికి కట్టుబడిన మనిషి కనుక, ఒక్క నేరాన్ని మాత్రం విల్‌ఫ్రెడ్ కాకుల మీద నిజంగానే మోపేవాడు. 1961లో, పెళ్లయిన కొత్తలో, ఆయన తెల్లని క్రికెట్ స్వెట్టరు మాయమైంది. నెల తరువాత పడకగదిలో చలి కాచుకునే పొయ్యి పొగ కక్కితే, ఈనక్ గొట్టంలో చెయ్యి పెట్టి నల్లటి ముద్ద ఒకటి లాగాడు. అదే ఆ స్వెట్టరు. తీగ మీద ఆరేసినదాన్ని కాకులు ఎత్తుకుపోయాయని ఈనక్ చెప్పాడు. "స్వెట్టరు ఆరువందల గ్రాములు. పన్నెండు కాకులు. గాలి కలిసొస్తే సాధ్యమే," అని విల్‌ఫ్రెడ్ ముప్పై ఏళ్లుగా పదిమందికీ చెబుతూ వచ్చాడు.

ఇక రెండేళ్ల కిందటి సంగతి. ఇల్లు ఆయన భార్య మురియెల్ ముత్తాత కట్టించినది. ఆమె పుట్టింది పై అంతస్తు పడకగదిలో. కింది గదిలో కొత్త కట్టెల పొయ్యి పెట్టినప్పుడు, పాత రాతి గొట్టం లోపల ముప్పై అడుగుల స్టీలు గొట్టం దించవలసి వచ్చింది.

"ఈనక్‌ని పిలుద్దాం," అన్నది మురియెల్.

"ఆ కాకుల మేస్త్రీనా? గొట్టం దించడానికి చదవడం వస్తే చాలు," అన్నాడు విల్‌ఫ్రెడ్. ఇదే మాట పబ్బులో కూడా అన్నాడు, రెండుసార్లు.

ఆయన చదివాడు కూడా. గొట్టం పొడవునా బాణం గుర్తులు అచ్చు వేసి ఉన్నాయి. పైనుంచి తాడు కట్టి కిందికి దించే వస్తువు కనుక, బాణం దించవలసిన దిక్కును చూపుతున్నదని ఆయన శాస్త్రీయంగా నిర్ణయించాడు. అందుకు తగినట్టే దించాడు. కొత్త పొయ్యి చక్కగా మండింది. ఆ చలికాలం సగానికి వచ్చేసరికి పడకగది గోడ మీద టీ ఒలికినట్టు గోధుమరంగు మరక ఒకటి కనిపించింది. కాగితం అంటించాడు. కాగితం మీదికి వచ్చింది. రంగు వేశాడు. రంగు మీదికి వచ్చింది. తారు వాసనకు మురియెల్‌కు దగ్గు పట్టుకుని, తాను పుట్టిన గది విడిచి వెనుక గదిలో పడుకోవడం మొదలుపెట్టింది. ఒక్కనాడూ ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండునని విల్‌ఫ్రెడ్‌కు ఉండేది.

ఇక ఈ అక్టోబరులో, ఆ గురువారం తరువాత, పరంజా లేచింది. ఈనక్ ఒరిగిన కట్టడాన్ని రాయి రాయిగా విప్పి, ఒక్కొక్కదానికీ సుద్దతో అంకె వేసి, పలకల మీద వరుసగా పేర్చాడు. మంగళవారం పదకొండు గంటలకు విల్‌ఫ్రెడ్ టీ చెంబూ, పార్కిన్ అనే అల్లం కేకు రెండు ముక్కలూ పట్టుకుని నిచ్చెన ఎక్కేసరికి, స్టీలు గొట్టం తల బయటపడి ఉన్నది. దాని మీద మసిలో నుంచి ఒక బాణం, నేలను చూపిస్తూ, స్పష్టంగా కనిపిస్తున్నది.

"ఆ బాణం," అన్నాడు విల్‌ఫ్రెడ్, "దించే దిక్కును చూపేది కాదా?"

"పొగ పోయే దిక్కు మాస్టారూ," అన్నాడు ఈనక్, చాలా మెల్లగా.

వివరం చెప్పవలసిన పని లేకపోయింది. స్టీలు రేకును చుట్టలుగా చుట్టి చేసిన ఆ గొట్టం అంచులు లోపల ఒకదాని మీదికి ఒకటి జారేలా ఉంటాయి. సరిగా నిలబెడితే కారిన తారు తిరిగి పొయ్యిలోకే జారిపోతుంది. తలకిందులైతే ప్రతి అంచూ ఒక దొప్పై, తారును పట్టి రాతిగోడకు తాగిస్తుంది, రాళ్ల నడుమ సున్నాన్ని నానబెట్టి కట్టడాన్ని ఒరగనిస్తుంది. విల్‌ఫ్రెడ్ రెండు శీతకాలాలుగా తన భార్య పుట్టిన గదికి తారు తాగించాడు.

"ఏమిటి, ఇద్దరూ బిగుసుకుపోయారు?" అని కిందనుంచి మురియెల్ కేక వేసింది. పక్కింటి కిటికీ కూడా తెరుచుకున్నది.

ఈనక్ ఆ బాణాన్ని చూశాడు. విల్‌ఫ్రెడ్‌ను చూశాడు. తరువాత మసి పట్టిన బొటనవేలు చాచి, బాణం మీద ఇంకొంత మసి పులిమాడు.

"కాకులు తల్లీ," అని కిందికి వంగి చెప్పాడు. "లోపలి గొట్టాన్ని తలకిందులు చేసి పెట్టాయి."

"ముప్పై అడుగుల గొట్టాన్నా?"

"ఓపిక గల జాతి." ఆపైన విల్‌ఫ్రెడ్ వైపు తిరిగి, అదే గొంతుతో, "కొత్త గొట్టానికి బాణం ఆకాశం వైపు ఉండేలా చూసుకుందాం మాస్టారూ. అట్లా ఉంటే అవి బెదిరి దగ్గరికి రావు," అన్నాడు.

ఆ మాటతో విల్‌ఫ్రెడ్ ఈనక్ పాత తీర్పులన్నీ ఒక్కొక్కటిగా నెమరు వేసుకున్నాడు. రేకు తెరవడం మరిచిన హార్‌గ్రీవ్స్‌కు ఎర్రగుడ్డ. పచ్చికట్టెలు కాల్చిన ఆగ్నెస్‌కు ఎండు కట్టెల వాసన. తలరాయి కింద సున్నం ఊడిపోయిందని మూడేళ్లు చెప్పించుకుని కూడా వినిపించుకోని పాదిరిగారికి ఏం చెప్పాడో గాని, అది కూడా అట్లాంటిదే అయి ఉంటుంది. నలభై ఏళ్లుగా ప్రతి ఇంటా రోగం ఒకరిదీ, పేరు కాకులదీ, మందు మాత్రం సరైనదీ. తాను సుద్దముక్కతో నవ్వుల పాలు చేసింది కాకులను కాదు. చెవులు మండిపోగా విల్‌ఫ్రెడ్ నిచ్చెన దిగాడు. దిగుతూ రెండు మెట్లు తప్పాడు.

మధ్యాహ్నం వంటగదిలో, మురియెల్ బంగాళదుంపలు చెక్కుతుండగా, ఆయన టోపీ నలుపుతూ నిలబడ్డాడు.

"కాకులు కాదు. నేనే. బాణం చదివాను, తప్పు చదివాను."

"తెలుసు," అన్నది మురియెల్, కత్తి ఆపకుండా.

"ఎట్లా తెలుసు?"

"ఈనక్ కాకులన్నాడంటే ఆ ఇంట్లో ఎవరో చేసిందే అయి ఉంటుంది. నీ స్వెట్టరు ఎత్తుకుపోయింది ఎవరనుకున్నావ్?"

విల్‌ఫ్రెడ్ మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"పై గదిలో చల్లగాలి కొడుతోందని గొట్టంలో కుక్కాను. కుక్కి మరిచిపోయాను. పెళ్లయి అప్పటికి ఆరు వారాలు. నువ్వేమో ఊరంతా ఆ స్వెట్టరు కోసం వెతుకుతున్నావ్. ఈనక్ బయటికి లాగి, నన్ను చూసి, నీతో ఆ ముక్క అన్నాడు. నాతో మాత్రం, చెక్కపలక అడ్డం పెట్టుకో తల్లీ, ఉన్ని అంటే వాటికి ప్రాణం, అన్నాడు."

"మరి నేను పన్నెండు కాకులని లెక్క కట్టినప్పుడల్లా నువ్వు..."

"లెక్క బాగా కట్టావు. మెచ్చుకున్నాను కదా."

వారం తిరిగేసరికి కట్టడం సుద్ద అంకెల వరుసలోనే, సిమెంటు ఎరుగని మెత్తని సున్నంతో, నిటారుగా లేచింది. కొత్త గొట్టం దిగింది. బాణం ఆకాశాన్ని చూసింది. పొగ బయటికి పోయేందుకు కట్టడం తల మీద నిలిపిన నాలుగు మట్టికుండల్లో మూడింటికి ఈనక్ తీగవల మూతలు బిగించాడు. ఏ పొయ్యికీ కలవని నాలుగోదాన్ని తెరిచి వదిలేశాడు. తాను కట్టిన ప్రతి ఇంటి మీదా అట్లా ఒకటి వదిలేయడం ఆయన అలవాటు. శత్రువుకు ఇల్లు కట్టిచ్చే మేస్త్రీ అని దాని మీద కూడా విల్‌ఫ్రెడ్ ఒకప్పుడు హాస్యమాడి ఉన్నాడు.

"దానికి మూత పెట్టరా, ఈనక్ గారూ?" అని ఈసారి అడిగాడు.

"ఇంతమంది నేరం మోస్తున్నాయి. వాటికో ఇల్లన్నా ఉండొద్దూ?"

ఆ శుక్రవారం సాయంత్రం విల్‌ఫ్రెడ్ పబ్బులో లేచి నిలబడి గ్లాసును ఉంగరంతో తట్టాడు. అందరూ కాకికూత కోసం సిద్ధపడ్డారు.

"నా ఇంటి గొట్టాన్ని నేనే తలకిందులు దించాను," అన్నాడు. "చదవడం వస్తే చాలని ఇక్కడే అన్నాను. నాకు చదవడం రాలేదు. ఇన్నాళ్లూ ఈనక్ గారిని వెక్కిరించినందుకు సిగ్గుపడుతున్నాను."

మూల బల్ల దగ్గర ఈనక్ నొచ్చుకున్నట్టు తల ఊపాడు.

"ఆయన మాట నమ్మకండి," అన్నాడు. "మాస్టారిది మెత్తని మనసు. కాకుల్ని వెనకేసుకొస్తున్నారు."

"ఈనక్ గారూ, నేనే దించాను. మీరే చూశారు."

"నేను చూసింది మసి. మసి చేసేది ఎవరు?"

హార్‌గ్రీవ్స్ దగ్గాడు. ఆగ్నెస్ గ్రీన్‌వుడ్ తన గ్లాసులోకి చూసుకున్నది. పాదిరిగారు నిమ్మరసం తాగుతూ కిటికీ వైపు తిరిగారు. ఆ ముగ్గురి ముఖాలనూ ఒక్కొక్కటిగా చూసిన విల్‌ఫ్రెడ్, తాను ఇంకొక్క మాట మాట్లాడితే సిగ్గుపడవలసింది తానొక్కడే కాదని గ్రహించాడు.

"అయితే మాస్టారూ," అన్నాడు హార్‌గ్రీవ్స్ జాగ్రత్తగా, "గొట్టం తిప్పడానికి ఎన్ని కావాలంటారు?"

విల్‌ఫ్రెడ్ బాణాలాట పలక దగ్గరకు నడిచి సుద్దముక్క తీసుకున్నాడు. గొట్టం పన్నెండు కిలోలు. కాకికి యాభై గ్రాములు.

"రెండువందల నలభై," అని చదివాడు.

"అంతకు తక్కువ ఉండవు," అన్నాడు ఈనక్.

ఈనక్ సట్‌క్లిఫ్ మరి నాలుగేళ్లు పని చేసి, 1998 ఫిబ్రవరిలో తన ఇంట్లోనే కన్నుమూశాడు. ఆయన ఇంటి పొగగొట్టాన్ని తరువాత వచ్చినవారు శుభ్రం చేయిస్తే మూడు తోపుడుబళ్ల పుల్లలు దిగాయి. ఆయన ముప్పై ఏళ్లుగా కిరసనాయిలు పొయ్యితోనే చలి కాచుకున్నాడని అప్పుడు తెలిసింది. హార్‌గ్రీవ్స్ దుకాణం ఇప్పుడు అతని మేనకోడలిది. ఇనపరేకు పిడికి ఎర్రగుడ్డ ఇంకా ఉన్నది. మురియెల్ పై గదికి తిరిగి వెళ్లింది. గోడ మీద మరక మళ్లీ రాలేదు. ఆక్రాయిడ్ వారి నాలుగో కుండలో ఏటా వసంతంలో ఒక కాకుల జంట గూడు పెడుతున్నది. విల్‌ఫ్రెడ్ దుర్భిణితో చూసి రాసిపెట్టుకున్నదాని ప్రకారం, రెండింటికీ రెండేసి కాళ్లు ఉన్నాయి.