కోడి రక్తమని రాయొద్దండీ

ఆ రోజుల్లో ఆడపిల్ల ఉద్యోగం చేస్తోందంటే బడి పంతులమ్మో, ఆస్పత్రి నర్సమ్మో అయ్యుండాలి. ఈ రెండూ కాకపోతే జనం కాస్త జాలిగానూ కాస్త అనుమానంగానూ చూసేవారు. పామర్రులో పుట్టి, బందరులో బీయస్సీ చదివి, డెబ్బైల్లో విజయవాడ వచ్చి పోలీసు కేసుల రక్తపు మరకలు పరీక్ష చేసే చిన్న ల్యాబులో నేను చేరినప్పుడు, అక్కడ నేనేం చేస్తానో మా వాళ్ళకి ఎంత చెప్పినా అర్థం కాలేదు. (మొదట్లో నాకూ అంత బాగా అర్థం కాలేదు, ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.) గవర్నర్‌పేట వెనక సందులో మా మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. ఎవరైనా అడిగితే ఆవిడ "మా అమ్మాయి బ్లడ్డు బ్యాంకులో చేస్తదండీ" అని చెప్పేసేది. ఒకసారి వీధిలో ఒకాయన తన బావమరిదికి రక్తం కావాలని పొద్దున్నే వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. ఆయన్ని ఒప్పించి పంపడానికి నాకు తాతలు దిగొచ్చారు.

మా ల్యాబులో ముఖ్యమైన పని ఎలక్ట్రోఫోరెసిస్. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక మేనత్తకి ఓపిగ్గా చెప్పాను. గాజు పలక మీద సముద్రపు నాచు పొడిని కాచి పోస్తే పల్చటి జున్నులా గడ్డకడుతుంది. దాంట్లో ఎదురెదురుగా రెండు చిన్న గుంటలు తీస్తాం. ఒక గుంటలో మరకని నానబెట్టి తీసిన నీళ్ళు, రెండో దాంట్లో కుందేలు సీరం. మనిషి సీరం ముందుగా కుందేలుకి ఎక్కించి, మనిషి రక్తాన్ని మాత్రమే గుర్తుపట్టే గుణం దాని ఒంట్లో పుట్టిస్తారు. పలకకి కరెంటు పెడితే రెండు గుంటల్లోని సరుకూ ఒకదానికొకటి ఎదురు నడుస్తాయి. మరక మనిషిదైతే కలుసుకున్న చోట సన్నటి తెల్లగీత పడుతుంది. కాకపోతే ఏమీ పడదు. మేకకీ, గొడ్డుకీ, కుక్కకీ, కోడికీ కూడా ఇలాంటి సీరాలు వేరువేరు సీసాల్లో ఫ్రిజ్‌లో ఉంటాయి. ఇదంతా శ్రద్ధగా విని మేనత్త, "రక్తానికి కరెంటు పెడితే నీకు షాకు కొట్టదటే?" అని ఒక్క ప్రశ్న వేసింది. కొట్టదన్నాను. "అయితే మంచి ఉద్యోగమే" అంది.

షాకు కొట్టాలన్నా ముందు కరెంటుండాలి. మా ఆఫీసరు గారి దిగులంతా అదే. ఆయన్ని మేమంతా చాటుగా 'వోల్టేజీ గారు' అనేవాళ్ళం. పొద్దున్నే ఎదురుపడితే "ఎలా ఉన్నారు" అనేవారు కాదు, "కరెంటెలా ఉంది" అనేవారు. పరీక్ష సగంలో కరెంటు పోతే పలక తీసి అవతల పారేసి మళ్ళీ మొదలెట్టాల్సిందే. అలాంటప్పుడు ఆయన గోడనున్న మీటరు వంక చూసే చూపు, చెప్పినమాట వినని కొడుకుని తండ్రి చూసే చూపులా ఉండేది.

నా చేతికి విడిగా వచ్చిన మొదటి కేసు హనుమాన్ జంక్షన్ దాపున ఒక ఊరిది. తూము దగ్గర నీళ్ళ వంతు గురించి ఒక రైతూ, అతని బావా అందరి ముందూ తిట్టుకున్నారు. మర్నాటి నుంచి బావ కనిపించలేదు. రైతు పాకలో రక్తం మరకలున్న కొడవలీ, గోనెసంచీ దొరికాయి. "ఇదేం రక్తంరా" అని ఎస్సై గారు ఎన్ని విధాల అడిగినా రైతు నోరు విప్పలేదు. దాంతో హత్యే అని ఊరంతా తేల్చేసింది. ఎస్సై గారు సామాన్లు మాకు అప్పగిస్తూ, "సంచీ నిండా చెత్త ఉంటే బాగా దులిపించి తెచ్చానండీ, మీకు శ్రమ లేకుండా" అన్నారు. (ఆ చెత్త ఏమిటో ఒక్కసారి చూసి ఉంటే మా అందరికీ శ్రమ తప్పేది.)

ఆ రోజు నేను ఇంటికి నడిచి వెళ్ళలేదు, తేలుకుంటూ వెళ్ళాను. హత్య కేసు! పేర్లూ ఊళ్ళూ చెప్పకూడదు కనక, "చాలా పెద్ద కేసు అత్తయ్యా, ఒక మనిషి ప్రాణం నా చేతిలో ఉంది" అని మాత్రం చెప్పాను. అది చాలు. మేనత్త ఆ వారం ఆడవాళ్ళ ప్రార్థన కూటంలో లేచి నిలబడి ఆ ముక్కే మనవిగా పెట్టింది. అంతమందీ నా చేతుల కోసం కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. మర్నాడు కూరగాయల బండి దగ్గర ఇద్దరు నా చేతుల వంక భక్తిగా చూశారు.

ఆ చేతులతో మనిషి సీరం పెట్టి పరీక్ష చేస్తే గీత పడలేదు. కరెంటు తప్పనుకుని మళ్ళీ చేశాను. పడలేదు. పరికరం సరిగ్గా ఉందో లేదో చూద్దామని నా వేలే పొడుచుకుని నా రక్తం పెట్టాను. ముగ్గు గీసినట్టు చక్కగా పడింది. అంటే పరికరం మంచిదే, నేనూ మనిషినే, మరక మాత్రం మనిషిది కాదు. మేక సీరం పెట్టాను, గొడ్డుది పెట్టాను, కుక్కది పెట్టాను. ఏదీ పలకలేదు. ఇక మిగిలింది ఫ్రిజ్‌లో మూలనున్న కోడి సీసా. పెట్టి స్విచ్ వేసి, లోపల ఎక్కడో 'వద్దు వద్దు' అనుకుంటూ కూర్చున్నాను. తీరా చూస్తే తెల్లగా, నిటారుగా, ఏ అనుమానానికీ తావు లేకుండా గీత. కొడవలి మరకా అంతే, సంచీ మరకా అంతే.

వోల్టేజీ గారు పలకని వెలుతురుకి ఎత్తి చూసి, "బాగా వచ్చిందమ్మాయ్. కరెంటు నిలకడగా ఉంది ఇవాళ" అన్నారు.

"కోడండీ" అన్నాను ఏడుపు గొంతుతో.

"కోడే. అయితే?"

అయితే ఏమిటో ఆయనకి నేనెలా చెప్పను? ప్రార్థన కూటంలో ఆయనేమన్నా ఉన్నారా?

రిపోర్టు తీసుకోవడానికి ఎస్సై గారే వచ్చారు. ఆ రోజు రైతుకి కోర్టులో వాయిదా ఉండటంతో, ఇద్దరు కానిస్టేబుళ్ళతో అతన్ని బస్సులో తెచ్చి, దారిలో మా వరండాలో కూర్చోబెట్టారు. వెనకాలే అతని భార్య వచ్చింది, చంకలో పిల్లతో. నన్ను చూడగానే చేతులు జోడించి, "అమ్మా, మా ఆయన చీమక్కూడా అపకారం చెయ్యడమ్మా. కోడిని కొయ్యమంటేనే చేతులు వణుకుతయ్. మనిషినేం కోస్తాడు తల్లీ!" అని భోరుమంది. నాకు వచ్చింది నవ్వో ఏడుపో ఇప్పటికీ తెలియదు.

"ఏడవకమ్మా. ఆ రక్తం మనిషిది కాదు" అన్నాను. ఆవిడ మొహం విప్పారింది. ఎస్సై గారి మొహం ముడుచుకుంది. "మరి దేనిదండీ?" అన్నారు. "కోడిది" అన్నాను.

అన్ని రోజులుగా మాట్లాడని రైతు అప్పుడు లేచి నిలబడ్డాడు. కానిస్టేబుళ్ళు పట్టుకునే లోపల వచ్చి నా ముందు వంగి, "అమ్మగారూ, కోడి రక్తమని రాయొద్దండీ! మనిషిదనే రాసెయ్యండమ్మా, మీకు పుణ్యముంటది!" అన్నాడు.

"మనిషిదని రాస్తే నిన్ను హత్య కేసులో శిక్షిస్తారయ్యా!"

"మర్డరైతే కోర్టుంటది, లాయరుంటాడు, వాయిదాలుంటయ్. ప్రెసిడెంటు గారి కాడ అయ్యేం ఉండవండీ. ఆయన డేగని కోశామని తెలిస్తే..." అంటూ ఆగిపోయి, చుట్టూ చూసి, "అంటే, ఏ కోడో నాకు తెలవదండీ. కొన్నదండీ" అని మళ్ళీ నేల మీద కూలబడ్డాడు.

డేగ అంటే ఎర్ర పందెం కోడి. ఊరి పంచాయతీ ప్రెసిడెంటు గారి డేగ కనపడటం లేదని బావ మాయమైన రోజే ఫిర్యాదు వచ్చిందట. కోడి కోసం కేసు రాయాలా అని నవ్వి పంపేసిన వారు ఈ ఎస్సై గారే. ఆయన ఇప్పుడు వరండా దూలాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తూ నిలబడ్డారు. వోల్టేజీ గారు మాత్రం నా వైపు తిరిగి, "మనం రక్తం చెప్పింది రాస్తాం. మనుషులు చెప్పింది రాసుకునేది ఎస్సై గారు" అని లోపలికి వెళ్ళిపోయారు. ఎస్సై గారు ఏమీ రాసుకోలేదు.

రైతు భార్యకి ఇదంతా అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అయ్యాక కళ్ళు తుడుచుకుని మొగుడి ఎదుటికి వెళ్ళింది. "పిల్లలు చారన్నం తిని పడుకుంటే నువ్వూ మా అన్నా పొలంలో కూకుని కోడిని తిన్నారా? ఒక్క ముక్క ఇంటికి తేవాలనిపించలేదా నీకు?" అంది. పోలీసులు అన్ని రోజులు అడిగినా బయటపడనిది ఆ ఒక్క ప్రశ్నకి బయటికొచ్చింది. తూము తగువు సర్దుకోవడానికి విందు చేసుకున్నారు. ప్రెసిడెంటు గారు మనుషుల్ని వేసుకుని కర్రలతో కోడిని వెతుకుతున్నారని వినగానే బావ పారిపోయి, హనుమాన్ జంక్షన్‌లో లారీలు కడుగుతూ దాక్కున్నాడు. సాయంత్రానికల్లా అతన్ని జీపులో తెచ్చారు. తాను బతికే ఉన్నందుకు అతను అందరికీ క్షమాపణ చెప్పుకున్నాడట.

నేను ఇంటికొచ్చి మేనత్తకి, మనిషి బతికే ఉన్నాడనీ, చచ్చింది కోడనీ చెప్పాను. ఆవిడ నాలా చిన్నబుచ్చుకోలేదు. తర్వాతి కూటంలో లేచి, ఒకటి కాదు రెండు ప్రాణాలు నిలిచాయని స్తోత్రం చెప్పింది. కోడి ప్రస్తావన తేలేదు.

కొన్నాళ్ళకి మా ల్యాబుకి ప్రెసిడెంటు గారే వచ్చారు. తెల్లటి పంచె, బుర్ర మీసాలు, చేతిలో బుట్ట. బుట్ట మూత తీస్తే, ఎర్రటి కళ్ళతో ఒక ముసలి డేగ మా అందరినీ ఎగాదిగా చూసింది.

"ఇది పోయినవాడి తండ్రండీ" అన్నారాయన. "దీని రక్తం తీసి, ఆ సంచీ మీద రక్తంతో కలిపి చూడండి. మావాడో కాదో తేల్చండి. వాళ్ళు కొన్న కోడి అంటున్నారు. నా మనసు ఒప్పుకోటంలా."

వోల్టేజీ గారు పనుందన్నట్టు మీటరు దగ్గరికి పోయారు. చెప్పాల్సిన భారం నా మీద పడింది. "మా పరీక్షలో కోడి అని తేలుతుందండీ. ఏ కోడో తేలదు" అన్నాను.

"తండ్రిని తెచ్చినా?"

"తెచ్చినా తేలదండీ. సైన్సు ఇంకా అంతదూరం రాలేదు."

ఆయన నన్ను కోప్పడలేదు. అదే నాకు ఎక్కువ బాధైంది. "చదువుకున్నారు, కరెంటు పెట్టారు, కోడి అని చెప్పారు. కోడి అని మేమూ చెబుతాం గదమ్మా" అని మెల్లగా మూత వేసుకుని వెళ్ళిపోయారు. మా శాస్త్రానికి జరిగిన అవమానం తలుచుకుని ఆ పూట నేను అన్నం సరిగ్గా తినలేదు.

నేను రిటైరయ్యే నాటికి డి.ఎన్.ఎ. పరీక్షలు వచ్చేశాయి. కొత్తగా చేరిన కుర్రాడొకడు తన యంత్రం గొప్పలు చెబుతుంటే, ఊరికే అడిగినట్టు అడిగాను, ఏ కోడి రక్తమో కూడా చెబుతుందా అని. "కోడేంటి మేడమ్, దాని తండ్రెవరో కూడా చెప్పేస్తుంది!" అన్నాడు హుషారుగా. అదే ఆ రోజుల్లో ఉండి ఉంటే అనుకున్నాను. పొలంలో కూర్చుని చేతులు నాక్కుంటున్న ఇద్దరు బావామరుదులు కళ్ళ ముందు మెదిలారు. సైన్సు అంతదూరం రాలేదని ప్రెసిడెంటు గారి ముందు సిగ్గుతో తలవంచుకు నిలబడ్డ ఆ సన్నపాటి పిల్ల ఇప్పుడు ఎదురైతే భుజం తట్టి చెప్పాలనిపిస్తుంది: వస్తుందిలే అమ్మాయ్, అంత తొందరేం లేదు. వెళ్ళి అన్నం తిను.