పొగ మీద పగబట్టిన ఫ్లోరిస్

మా బావ ఫ్లోరిస్‌కి పొగంటే పగ. మామూలు పగ కాదు, దాయాదుల పగ. మా ఊరు డీ ఆర్‌లో, రైల్వే వర్క్‌షాపులో ఇంజన్ల మసి తిని రిటైరైన మనిషి, పెరట్లో బొగ్గులు రాజెయ్యగానే "అడుగో, లేచాడు వెధవ!" అని పొగకి వేలు చూపించి తిట్టేవాడు.

ఇది పుట్టుకతో వచ్చిన గుణమేం కాదు. నిరుడు చలికాలం దాకా పొగ తగలని మాంసాన్ని ఆయన ఉడకబెట్టిన చెప్పు అనేవాడు. శనివారం మా ఇంట బ్రాయి, అదే బొగ్గుల మీద మాంసం కాల్చే విందు, ఉందంటే వీధి వీధంతా పొగలో తేలాల్సిందే. అలాంటివాణ్ణి ఏ పురుగు కుట్టిందో, ఓ రోజు పెరటి పొయ్యికి చిమ్నీ కడతానని కూర్చున్నాడు.

"బావా, పొయ్యి ఉన్నది పెరట్లో. ఆకాశం కంటే పెద్ద చిమ్నీ నువ్వు చేస్తావా?" అన్నాను.

"పైన రేకులున్నాయి కదరా సోలీ! వాటికి కొట్టుకుని పొగ పక్కకి పాకుతోంది. పక్కకి పోకూడదు. పైకి పోవాలి."

"పక్కకి పోతే నీ సొమ్మేం పోయింది?"

"నీకు చెప్పినా ఒకటే, గోడకి చెప్పినా ఒకటే. నిచ్చెన పట్టుకో."

పాత నీళ్లట్యాంకు రేకు కోసి గొడుగులా వంచి, పొయ్యి మీద వేలాడదీశాడు. సరిగ్గా పొయ్యంతే చేశాడు, పైగా బాగా ఎత్తులో కట్టాడు. మా కారూ ఎడారి గాలి సంగతి తెలిసిందే కదా! ఒక్క విసురు విసిరేసరికి పొగ నాలుగు వైపులా పారిపోయింది. మా అక్క డీనా సంకటి తిప్పుతూ, "ఆ గొడుగు కింద పొగ తప్ప అందరూ నిలబడ్డారు" అంది.

మళ్లీ విప్పాడు. అన్ని వైపులా జానెడేసి పెంచి, ఈసారి కిందికి దించాడు. మరీ దించాడు. మాంసం మీద దీవెన చెప్పడానికి ముందుకొచ్చిన పాస్టరుగారి నుదురు ఠంగుమంది. ప్రార్థనగా మొదలైన వాక్యం ప్రార్థనగా ముగియలేదు.

"బావా, ఇక చాలు. దేవుడికే కోపమొచ్చింది."

"దేవుడి పొగ నిటారుగానే పోతుందిరా. నాదే కుదరడం లేదు."

అప్పుడు ఎక్కడో మూతబడిన చేపల వేపుడు కొట్టు నుంచి ఓ రాక్షసి ఫ్యాన్ తెచ్చి, గొడుగు నెత్తిన ఓ గొట్టం నిలబెట్టి అందులో బిగించాడు. మొదటిసారి స్విచ్చి వెయ్యగానే పొగతోపాటు మా అక్క తలగుడ్డ కూడా పైకి పోయింది. ఆ మీదట లోపల జల్లెడ అమర్చాడు. దానికి కొవ్వు పేరుకుంటే మా అక్క స్నానాల తొట్టిలో నానబెట్టేవాడు. ఆ తొట్టి గురించి వాళ్లిద్దరి మధ్య నడిచిన సంభాషణ ఇక్కడ రాయడం మర్యాద కాదు.

మొత్తానికి గెలిచాడు. గొట్టం రేకులు దాటి లేచి, వంపు తిరిగి, పొగనంతా రైలు పట్టాల వైపు ఊదేసేది. వాసన రాకపోయేసరికి, ఫ్లోరిస్ ఇంట్లో ఎవరికో ఏదో అయిందని వీధివాళ్లు పరామర్శకొచ్చారు.

రానివాడు ఒక్కడే, పక్కింటి ఎలియాస్. వర్క్‌షాపులో బావకి జంట పనివాడు, మా బ్రాయికి పట్టకారు ఎప్పుడూ అతని చేతిలోనే ఉండేది. నిరుడు చలికాలంలో అతని గుండె మొరాయించింది. కొవ్వు మాంసం ముట్టొద్దన్నారు డాక్టరు. ఇక ఉడికించిన గుమ్మడికాయే గతి. ఆనాటి నుంచి బావ అతణ్ణి పిలవడం మానేశాడు. నాకిది బొత్తిగా నచ్చలేదు. అడిగితే మాట దాటేసేవాడు.

ఓ శనివారం మధ్యాహ్నం ఎలియాస్ కర్ర టకటకలాడిస్తూ గేటు తోసుకొచ్చాడు.

"ఫ్లోరిస్! ఇలా రా!"

బావ మాంసం పళ్లెం వీపు వెనక దాచుకున్నాడు.

"బతికుండగానే పాతిపెట్టేశావురా నన్ను! పిలవడం మానేశావు. తినలేనివాణ్ణి కదా, పోనీలే అనుకున్నా. వాసనైనా వచ్చేది, దానితో సరిపెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు అదీ లేదు. ఏం చేశావు దాన్ని?"

"పైకి పంపిస్తున్నాను," అన్నాడు బావ, నేల చూపులు చూస్తూ.

"ఎందుకు?"

"నీ ముక్కుకి తగలకూడదని. నువ్వక్కడ గుమ్మడికాయ నములుతుంటే, ఇక్కణ్ణుంచి కొవ్వు కాలే వాసనొస్తే నీ ప్రాణం ఎలా ఉంటుంది? నిన్ను పిలిచి, నీ ముందు కూర్చుని నేనెలా తినేది?"

మా అక్క గరిటె ఆగిపోయింది. "ఈ గొడుగు, ఆ ఫ్యాను, నా తొట్టి... ఇదంతా ఇందుకా?"

"మరెందుకే? పొగ నాకేం చేసింది పాపం!"

ఎలియాస్ కర్రతో బావ కాలి మీద ఒక్కటిచ్చాడు.

"ఒరే మొద్దూ! డాక్టరు తినొద్దన్నాడు. పీల్చొద్దనలేదు!"

కుంటుతూనే నిచ్చెనెక్కాడు బావ. గొట్టం వంపు విప్పి, దాని మూతి ఎలియాస్ వరండా వైపు తిప్పాడు. ఫ్యాన్ పూర్తి వేగంతో పెట్టాడు. ఎలియాస్ తన వరండాకి వెళ్లి కుర్చీలో కూలబడి, ఒళ్లో గుమ్మడికాయ పళ్లెం పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఇది పక్కటెముక. అందుతోందా?" అని గోడ మీంచి అరిచాడు బావ.

"అందుతోంది! ఉప్పు తక్కువైంది!"

ఇంతలో ఎలియాస్ భార్య సోఫీ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, తీగ మీద నా దుప్పట్లు! అన్నీ బ్రాయి కంపు కొడుతున్నాయి! మళ్లీ ఉతకాలి!"

కళ్లు తెరవకుండానే చెయ్యెత్తి ఆపాడు ఎలియాస్.

"ఉతికావంటే ఊరుకోను సోఫీ! రాత్రికి నేను కప్పుకుంటా."