దండ లేని బొమ్మ

మా మేనమామ పోయిన నెల సిరిసిల్లలో చనిపోయాడు. నేను కోరుట్లలో పాఠాలు చెప్పే బడి నుంచి బయటికి వస్తుంటే అమ్మే ఫోను చేసింది. "మీ మామ ఇగ లేడే," అంది. చాలా రోజులుగా మంచంలో ఉన్న మనిషి, ఎవరమూ ఉలిక్కిపడలేదు.

దుకాణాల బోర్డులు రాయడం ఆయన పని. జగిత్యాల దాకా పిలిచేవారు. ఇంట్లోకి ఆయన గీసింది మాత్రం ఒక్కటే, మా బాపు బొమ్మ.

మరమగ్గాల సాంచాలు ఆగి సిరిసిల్లలో నేత పని దొరకని రోజుల్లో బాపు మహారాష్ట్రలోని భీమండి పోయాడు. అక్కడి నుంచి ఎటు పోయాడో తెలియలేదు. ఇంట్లో ఒక్క ఫొటో లేదు. కొన్నేళ్లు చూసి కులపెద్దలు కర్మ చేసేద్దామన్నారు, అమ్మ గాజులు తీయించాలన్నారు. దండ వేసిన బొమ్మ ఒకటి గీయమని మామకే చెప్పారు.

"పోయిండని ఎవడన్న కండ్లతోని చూసిండా? బతికున్నోనికి దండ నేనెయ్య," అన్నాడు మామ.

గీశాడు, దండ లేకుండానే. వెలుగునీడలు దిద్దడం ఆయనకు రాదు, రాదని దాచుకోలేదు కూడా. మొహమంతా ఒకటే చామనఛాయ, వెనకంతా ఒకటే ఎరుపు. అంగీ దగ్గరికి వచ్చేసరికి ఒళ్లు మరిచిపోయాడు. అమ్మ దాచిన గళ్ల అంగీని ముందు పరుచుకుని, నీలం గీతలూ పచ్చ గీతలూ బట్టలో ఎట్లా ఉన్నాయో అట్లాగే వేశాడు.

"ముక్కు నీది పెట్టినవ్ గదనే అన్నా," అంది అమ్మ.

"అంగి?"

"అంగి ఆయనదే," అని ఏడ్చింది.

పెద్దలు కొన్నాళ్లు గొణిగి ఊరుకున్నారు. అమ్మ గాజులు అమ్మ చేతికే ఉన్నాయి.

ఆ తర్వాత ఏటా దసరా ముందు మామ రంగు డబ్బాలు పట్టుకుని వచ్చేవాడు. వెలిసిన గళ్లు దిద్దేవాడు, తలలో నాలుగు తెల్ల వెంట్రుకలు గీసేవాడు. రంగు ఆరేదాకా చాయ్ ముట్టేవాడు కాదు. మొదటిసారి ఆ వెంట్రుకలు చూసి నేను నవ్వాను.

"నవ్వుతవేందే కోడలా! మీ బాపుకు వయసు రాదా? రేపు అచ్చి వాకిట్ల నిలవడితే గుర్తువట్టొద్దా?" అన్నాడు.

బాపు రాలేదు. వస్తాడన్నట్టే మమ్మల్ని ఇన్నేళ్లు బతకనిచ్చిన మనిషి మామ. అంతకన్నా ఏం చేయగలడు ఎవరైనా?

మామ పదో దినం అయిపోయిన సాయంత్రం అమ్మ బొమ్మ ముందు కూర్చుంది. బాపు తల సగమే నెరిసింది. అమ్మది ఎప్పుడో ముగ్గుబుట్ట.

"ఈసారి ఆ తెల్ల వెంట్రుకలు నేను గీయనా?" అన్నాను.

అమ్మ కొంగుతో గళ్ల మీది దుమ్ము తుడుస్తూ తల అడ్డంగా ఊపింది.

"వద్దే. ఇగ నేనొక్కదాన్నే ముసలిదాన్నయిత."