ఆర్చిబిషప్ గారి కోడిభయం

మా ఆర్చిబిషప్ ఎరిసా లుబోవా గారికి కోడి అంటే ప్రాణభయం. ఊదారంగు అంగీ, మెడలో వెండి సిలువ, ఉగాండా ఆంగ్లికన్ క్రైస్తవులందరికీ పెద్దదిక్కు. పెట్టను చూస్తే మాత్రం కుర్చీ ఎక్కేవారు.

బిషప్పు గడప తొక్కితే కోడినివ్వడం మా మర్యాద. వద్దంటే ఆ ఇంటికి తలవంపులు.

“అమ్మా, నన్నే చూస్తోంది! దాన్ని నీ దొడ్లోనే ఉంచి నా పేరు పెట్టుకో,” అని కుర్చీ మీంచే దీవించేవారు. దేశంలో సగం కోళ్ళ పేరు ఎరిసా. షావుకార్లిచ్చిన కొమ్ముల గిత్తల్ని మాత్రం స్వయంగా తాడు పట్టి నడిపించుకొచ్చేవారు.

“గిత్తంటే లేని భయం కోడంటే ఎందుకు తండ్రీ?” అని ఆయన డ్రైవరునైన నేను అడిగాను.

“గిత్త ఒక్కపోటుతో తేల్చేస్తుంది సెబున్యా. కోడి పొడిచి పొడిచి చంపుతుంది.”

అవి సైన్యం ఏలుతున్న రోజులు. ఎసెజా అనే వితంతువు కొడుకు ఎనోకా బడిపంతులు. తరగతిలో ఏదో అన్నాడని సిపాయిలు వెతుకుతున్నారు. దొరికినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. అతన్ని మా వ్యానులో అరటిగెలల కింద పడుకోబెట్టి సరిహద్దుకు బయల్దేరాం. ఎసెజా ఏడుస్తూ తన పెట్టను కాళ్ళు కట్టి గెలల మీద పడేసింది. కుర్చీ ఎక్కే వ్యవధి కూడా లేదు.

వంతెన దగ్గర తుపాకులు.

“వెనక తలుపు తెరువు.”

పక్కసీట్లో ఆయన మోకాళ్ళు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి.

“తెరవండి బాబూ. ముందు నన్ను దిగనివ్వండి. అందులో కోడి ఉంది.”

“ఏముంది?”

“కోడి!”

సిపాయి తలుపు తీసి పైగెల మీద చెయ్యి వేశాడు. పెట్ట రెక్కలు కొట్టింది. ఆర్చిబిషప్ కెవ్వుమని అంగీ ఎగ్గట్టి బానెట్ మీదికెక్కారు. సిపాయి గెల వదిలి కోడిని పట్టుకొచ్చాడు.

“ఇదిగో తాతా, ముద్దు పెట్టుకో!”

మిగతావాళ్ళు పొట్టలు పట్టుకున్నారు.

“చాల్లేరా, ముసలాయన ఇక్కడే పోతే పాతిపెట్టేదెవరు? పోనివ్వండి!” అన్నాడు నాయకుడు, కళ్ళు తుడుచుకుంటూ. ఆర్చిబిషప్ గారు దిగి సీట్లో కూర్చోగానే సిపాయి కోడిని ఒళ్ళోకి విసిరాడు.

మలుపు తిరిగాక చూశాను. వణికే చేతులతోనే పెట్ట కాళ్ళ తాడు వదులుచేసి, చంకలో పెట్టుకుని మెడ నిమురుతున్నారు.

“తండ్రీ! కోడి!”

“రోడ్డు చూడు. మా అమ్మ గుడ్లమ్మి చదివించింది నన్ను. ఎసెజాకున్నది ఈ పెట్ట ఒక్కటే.”

“మరి ఆ వణుకు?”

“అది తుపాకులకి.”

ఎనోకాను సరిహద్దు దాటించి, పెట్టతో సహా తిరిగొచ్చాం. ఎసెజా ఇంట్లో కుర్చీ లేదు. ఆర్చిబిషప్ గారు వేరుశనగలు దంచే రోలు బోర్లించి ఎక్కారు.