ఆరిందన్నాను

ఒక్క మాట ఎంత బరువుంటుంది? నేను ఏళ్ల తరబడి మోస్తున్నాను. పెళ్లానికి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు నా మొహం చూడలేరు కాబట్టి.

కోరుట్లలో మంచాలు, తలుపులు చేసే కార్ఖానాలో సలీం వడ్రంగి. నేను పాలిష్ పనివాణ్ని. ఒకే డబ్బాలో అన్నం తిన్న దోస్తులం. పాత తలుపు టేకుచెక్కతో వాడు ఒక గిటార్ చేశాడు. ఫోన్‌లో చూసి, చెక్కి, అంటించి, నెలల పాటు కూర్చున్నాడు. తీగలు బిగించి మీటిన రోజు కార్ఖానా అంతా పని ఆపింది. సేటు వాడి భుజం తట్టాడు. నా పాలిష్‌లో మొహం చూసుకుని తల దువ్వుకునే సేటు, నన్ను ఏనాడైనా అలా తట్టాడా?

జగిత్యాలలో వాయిద్యాలమ్మే దుకాణాయన, బాగుంటే ఇంకా చేయించుకుంటానన్నాడు. అంటే సలీం మంచాల పని వదిలేస్తాడు. నేను మాత్రం ఇక్కడే తలుపులు రుద్దుతూ ఉండాలి. కళ్లలో నిప్పులు పోసుకున్నాను.

తీగలు విప్పి, పాలిష్‌కు నా చేతికిచ్చాడు. ముసురు పట్టిన రోజులు. లక్కను స్పిరిట్‌లో కరిగించి, దూదిని గుడ్డలో చుట్టి, పూత మీద పూత రుద్దాను. పనిలో దొంగతనం చేయలేదు. ఎంత మెరిసిందంటే నాకే ఏడుపొచ్చింది. మెరుపు నాది, పేరు వాడిది! వాడు జగిత్యాల తీసుకెళ్లే పొద్దున బొటనవేలితో నొక్కి చూశాను. వేలిముద్ర పడింది. లోపల ఇంకా పచ్చిగానే ఉంది.

సలీం సంచితో వచ్చాడు. సిరిసిల్లలో మగ్గం నడిపే వాడి బావ ఇచ్చిన నూలుగుడ్డతో వాళ్లమ్మ కుట్టిన సంచి అది.

"ఆరిందారా?"

"ఆరింది. తీస్కపో."

"నువ్వు చెప్పినంక అయిపాయె. నాకు గీ పాలిష్ సంగతి ఏం ఎర్క?"

బస్సులో, జనం ఉక్కలో, సంచి గిటార్‌కు అతుక్కుపోయింది. దుకాణంలో లాగితే గుడ్డ నేత పోగుపోగూ దాని మీద అచ్చు పడి ఉందట. ఆయన నవ్వి పంపేశాడు. సలీం తిరిగొచ్చి, ముసురులో తొందరపడ్డానని తనను తానే తిట్టుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పూత గీకేసి మళ్లీ వేస్తానని నేను అనుండొచ్చు. అనలేదు. ఆ క్షణం నాకు సంతోషమేసింది. అవును, సంతోషమే. కడుపులో మంట ఆరిందనుకున్నాను. అబద్ధం కంటే ఈ సంతోషాన్నే ఎక్కువ దాచుకున్నాను, ఎందుకంటే అబద్ధం నోటిది, ఇది మాత్రం అచ్చంగా నాది.

ఆ గిటార్ ఇప్పటికీ వాడి రంపాల పక్కన మేకుకు వేలాడుతోంది. వాడు మంచాలే చేస్తున్నాడు. చేసిన ప్రతిదాన్నీ నాకే ఇచ్చి, ఆరిందారా అని అడుగుతాడు. గట్టిగా ఎండినా సరే, రేపు చూద్దామంటాను. ఆరింది అన్న మాట నా నోట రాదు. నా అంత జాగ్రత్త మనిషి లేడని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు.

నన్ను క్షమించకండి. అది మీ చేతిలో లేదు, వాడిని అడిగే ధైర్యం నాకు లేదు. ఒక్కసారి ఆ మాటను సరిగ్గా అనాలి, అంతే.

ఆరలేదురా సలీం. నాకు తెలుసు. ఆ రోజు ఆరలేదు.