లాత్వియా జావెలిన్ కోసం అయోవా దాకా

మోచేతి ఆపరేషన్ అయి ఏడు నెలలైనా మా అమ్మాయి హాసిని మళ్లీ జావెలిన్ ముట్టుకోలేదు. డాక్టర్ ఎప్పుడో సరేనన్నారు, భయమే వదల్లేదు. ఇల్లినాయిస్ హైస్కూళ్లలో జావెలిన్ ఉండదు కాబట్టి క్లబ్బే దిక్కు. నెలాఖరులోగా ఫారం ఇవ్వకపోతే ఈ ఏడాది లేనట్టే. నిజం చెప్పాలంటే, ఆపేస్తే పీడా పోతుందనుకునే తల్లిని నేను. అయినా దాని గదిలో పోస్టర్‌గా ఉన్న లాత్వియా క్రీడాకారిణి ఇల్జె అయోవాలో పోటీకి వస్తోందని తెలిసి నేనే టికెట్లు బుక్ చేశాను. ఇల్జెకీ మోచేతి ఆపరేషన్ అయింది. ఆ తర్వాత కూడా ఒలింపిక్స్‌కి వెళ్లింది.

శనివారం ఉదయం అయిదింటికి ఇద్దరం చికాగో పక్కన మేముండే నేపర్‌విల్‌లో బయలుదేరాం. ఐ-88, తర్వాత ఐ-80 హైవేల మీదుగా పోటీ జరిగే డెమోయిన్‌కి దాదాపు అయిదు గంటలు. మిసిసిపీ దాటాక రెస్ట్ ఏరియాలో పులిహోర తిన్నాం. ఊళ్లోకి వచ్చాక ఇల్జె కోసం డజను గులాబీలు కొన్నాను, పధ్నాలుగు డాలర్లు. టికెట్ మనిషికి ముప్పై. ఫినిష్ లైన్ ఎదుట సీట్లని మురిసిపోయాను గానీ, జావెలిన్ జరిగేది మైదానం అవతలి కొసన. అక్కడి గడ్డి గట్టుకు పది డాలర్ల టికెట్ చాలట. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

సీట్లు వదిలేసి గట్టు మీదికే వెళ్లాం. అక్కడ మెరూన్, తెలుపు జెండాలతో చికాగో లాత్వియా వాళ్లు పాతికమంది దాకా ఉన్నారు. పక్కనున్న పెద్దావిడ నా పూలు లెక్కపెట్టి ఇంగ్లిష్‌లో అంది: "పన్నెండా? మాలో సరిసంఖ్య పూలు చనిపోయినవాళ్లకే ఇస్తాం."

నాకు తల కొట్టేసినట్టయింది. "మాకు నూటపదహార్లు శుభమండీ, అదీ సరిసంఖ్యే," అని సర్దుకున్నాను. ఆవిడ నవ్వి, ఒక గులాబీ లాగి హాసిని చేతిలో పెట్టింది. "లాత్వియాలో మా ఊరి బేకరీలో ఇల్జె ఫొటో ఉంటుంది. ఓడిపోయిన ఏళ్లలో కూడా తీయలేదు."

ఆ రోజూ ఇల్జె గెలవలేదు. రెండు త్రోలు ఫౌల్, చివరికి అయిదో స్థానం. అయినా గట్టంతా లేచి చప్పట్లు కొట్టింది. తర్వాత ఆమె కంచె దగ్గరికొచ్చి అందరినీ పలకరించింది. నేను పదకొండు పూలూ ఇచ్చాను. హాసిని తన మచ్చ చూపించి, ఆపరేషన్ తర్వాత ఫస్ట్ త్రో ఎంత దూరం వెళ్లిందని అడిగింది.

"అది జావెలిన్ కాదు, టెన్నిస్ బాల్," అంది ఇల్జె. "మా అమ్మ క్యాచ్ పట్టేది. రోజుకో అడుగు వెనక్కి జరిగేది."

తిరుగు దారిలో కాఫీకి ఆగినప్పుడు హాసిని సంచీలోంచి ఆరెంజ్ తీసింది.

"అమ్మా, నువ్వు అక్కడ నిలబడు."

"నాకు క్యాచ్ చేయడం రాదే తల్లీ."

"ఇట్స్ ఓకే. దగ్గరే ఉండు."

విసిరింది. రెండు చేతులా పట్టుకున్నాను. ఏడుపొచ్చింది.

నా భయం పోయిందని చెప్పను. ఇన్నాళ్లూ పిల్లని ఆపడమే కాపాడటమనుకున్నాను, అంతే. ఇలాంటి పోటీలకు వెళ్లేవాళ్లకు ఒకటే సలహా: ఖరీదైన సీట్లు కొనకుండా గట్టు మీదికి వెళ్లండి, త్రోలు అయ్యాక ఓ పావుగంట కంచె దగ్గర ఆగండి. మేం ఆగాం. క్లబ్ ఫారం మీద సంతకం పెట్టేశాను. నిన్నటికి మా ఇంటి ముందు డ్రైవ్‌వేలో పద్దెనిమిది అడుగులు వెనక్కి జరిగాను.