తడి ధాన్యం మిషనుకి కంపెనీ దొరికింది

రాజమండ్రిలో మా కాలేజీ ల్యాబ్‌లో తడిసిన ధాన్యం ఆరబెట్టే మిషనొకటి తయారుచేశాం. దాన్ని తీసుకునే కంపెనీ ఈ నెలలో దొరక్కపోతే ప్రాజెక్టు మూసేస్తామన్నారు ప్రిన్సిపాల్ గారు. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని పేటెంట్లన్నీ గాలించాను. ఇలాంటి మిషన్ మీద పేటెంట్ ఉన్నది ఈ చుట్టుపక్కల ఒక్కరికే, తునిలో ఒక రైసు మిల్లు యజమానికి. పేటెంట్ ఉందంటే తయారుచేసే ఉద్దేశం ఉన్నట్టే కదా అని ఈ రోజు పొద్దున్నే బస్సెక్కాను.

తునిలో వాళ్ళింట్లో భోజనానికి కూర్చునేదాకా ఆయన అసలు సంగతి ఎత్తనివ్వలేదు. మూడో బొబ్బట్టు మీద నెయ్యి వేయిస్తూ, "మీ మిషను హక్కులు కూడా మాకే ఇచ్చేయండి" అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఏడాదికి ఎన్ని తయారుచేస్తారండి?" అనడిగాను.

"తయారు చెయ్యడమేంటండీ!" అని హాయిగా నవ్వారు. "రైతులే ఆరబెట్టేసుకుంటే, తడిసిందని మేం ధర తగ్గించేదెలాగండి? ఆ పాత పేటెంటూ అందుకే కొన్నానండి. మొహమాటపడకండి, ఇంకోటి వేయించుకోండి."

నేను చెయ్యి కడుక్కొచ్చేలోపే నేను తెచ్చిన ఒప్పందం కాగితం మీద ఆయన సంతకం పడిపోయింది. ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేసి జరిగింది చెబితే, "కంపెనీ దొరికింది కదండీ, ఇంకేంటి?" అన్నారు.

తిరుగు బస్సులో ఉండగా వాన మొదలైంది. దారి పొడవునా రైతులు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యానికి బరకాలు కప్పడానికి పరుగులు పెడుతున్నారు. కాగితం నా సంచిలోనే ఉంది.

మేం సంతకం పెట్టకపోతే మిషను మా షెడ్డులో తుప్పు పడుతుంది, పెడితే ఆయన గోడౌన్లో. ఎక్కడ తుప్పు పట్టించమంటారో మీరే చెప్పండి.